రూపాయి మిత్తి, రెండు రూపాయల మిత్తి

ఉత్తర తెలంగాణ పల్లెల్లో అప్పు మాట వస్తే శాతం లెక్క చెప్పేవాళ్లు తక్కువ. "ఎంత మిత్తికి తెచ్చినవ్?" అని అడుగుతారు. "రెండు రూపాయలకు" అని జవాబు వస్తుంది. నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలని ఇద్దరికీ తెలుసు. కరీంనగర్‌లో కిరాణా దుకాణం ముందైనా, ఆదిలాబాద్ పత్తి మార్కెట్లోనైనా, గల్ఫ్ ఏజెంటుకు కట్టే డబ్బు కోసం జగిత్యాలలో నోటు రాసిచ్చేటప్పుడైనా ఇదే కొలత. ప్రభుత్వం కూడా మహిళా సంఘాలకు మూడు శాతానికి అప్పులిచ్చే పథకానికి 'పావలా వడ్డీ' అనే పేరు పెట్టింది. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలు. బడిలో మాత్రం వడ్డీ ఏడాదికి ఇంత శాతం అనే రూపంలో వస్తుంది. తల్లి ఇంట్లో నెల మిత్తి కడుతుంది, బిడ్డ బడిలో సంవత్సర వడ్డీ కడుతుంది. ఇద్దరూ చేసేది ఒకే లెక్క అని ఆ ఇంట్లో ఎవరికీ తట్టకపోవచ్చు.

బడుల్లో డబ్బు చదువు నేర్పాలన్న మాట ఈమధ్య అందరి నోటా వినిపిస్తోంది. నేర్పాల్సిందే. అయితే ఏ పాఠంతో మొదలుపెట్టాలి? మ్యూచువల్ ఫండ్లతోనా, బీమాతోనా, యూపీఐతోనా? మన ప్రాంతపు పిల్లలకు చేతికందే పాఠం ఒకటి ఊళ్లోనే తయారై ఉందని నా నమ్మకం. అది మహిళా పొదుపు సమితి లెక్కల పుస్తకం. ఆ లెక్కను ఎంత పనితనంతో కట్టారో దగ్గరగా చూపించాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ సమితుల పుట్టుక 1990 నాటిది. కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్, అంటే ఇప్పుడు సహవికాస పేరుతో తెలిసిన సంస్థ, వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో ఆడవాళ్లతో పొదుపు సమితులు కట్టించడం మొదలుపెట్టింది. బయటి నుంచి గ్రాంటు తేలేదు, బ్యాంకు లింకేజీ పెట్టుకోలేదు. ఆ ఊరి ఆడవాళ్లు దాచిన డబ్బే ఆ ఊరి ఆడవాళ్లకు అప్పుగా వెళ్లాలన్నది మూల సూత్రం. దాని చుట్టూ అల్లిన నియమాలు చాలా కొన్ని. ఆ కొన్నిటిలోనే పనితనమంతా ఉంది.

మొదటి నియమం: మొదటి ఏళ్లలో నెలకు పది రూపాయల పొదుపు, అందరికీ సమానంగా. కలిగిన ఇంటావిడ వంద వేస్తానన్నా పదే. చూడటానికి ఇది మొండితనంలా ఉంటుంది. కానీ ఒకరి డబ్బు ఎక్కువైతే మాట కూడా వాళ్లదే ఎక్కువవుతుందన్నది ఊళ్లో పెరిగిన ఎవరికైనా తెలిసిన సంగతే. పది రూపాయల దగ్గర అందరినీ నిలబెడితే కూలికి పోయే ఆమె, పదెకరాల ఆసామి భార్య సమావేశంలో ఒకే చాప మీద కూర్చుంటారు.

రెండో నియమం: దాచుకున్నదానికి మూడు రెట్ల వరకు అప్పు. ఏడాదికి 120 రూపాయలు దాచినామెకు 360 రూపాయల వరకు దొరుకుతుంది. పొలం కాగితం, బంగారం వెతుక్కునే పని లేదు. ఆమె పొదుపే ఆమె అప్పుకు కొలత. మొదట్లో పొదుపు చిన్నది కాబట్టి అప్పూ చిన్నదే. తీర్చే అలవాటు చిన్న మొత్తాల మీద కుదురుకున్నాక రెండూ కలిసి పెరుగుతాయి. ఈ నియమంలో పైకి కనపడని లెక్క ఇంకొకటి ఉంది. అందరికీ మూడు రెట్లు ఇస్తామన్నా, పెట్టెలో ఉన్నది అందరూ వేసిన ఒక్క రెట్టే. అంటే ఒకే సమయంలో మూడో వంతు మందికి మించి పూర్తి అప్పు అందదు. కాబట్టి వరుస ఉండి తీరాలి. ముందు ఎవరికి? కాన్పుకు పోవాల్సినామెకా, విత్తనాలు కొనాల్సినామెకా? ఈ ప్రశ్నను ప్రతి నెలా సమావేశం తేల్చాలి. అప్పు కోసం ఆగడం, ఎదుటివాళ్ల అవసరం తూకం వెయ్యడం సభ్యులకు వేరే శిక్షణ తరగతి పెట్టి నేర్పనక్కర్లేకుండా ఆ మూడు రెట్ల అంకెలోనే ఇమిడిపోయాయి.

మూడో నియమం నాకు అన్నిటికంటే ఇష్టమైనది: దాచిన డబ్బుకు నెలకు రూపాయి మిత్తి, తీసుకున్న అప్పుకు నెలకు రెండు రూపాయల మిత్తి. మొదటి ఏళ్ల రేట్లు ఇవి, తర్వాత మారుతూ వచ్చాయి. సమితి దగ్గర లక్ష రూపాయలున్నాయి అనుకుందాం. దాచినవాళ్లకు నెలకు వెయ్యి ఇవ్వాలి. లక్షా అప్పుల్లో తిరుగుతుంటే రెండు వేలు వస్తాయి. మిగిలిన వెయ్యిలో పుస్తకాలు, లెక్కలు రాసేవాళ్ల జీతం, మొండి బాకీలకు పక్కన పెట్టే నిధి అన్నీ గడవాలి. యాభై వేలే అప్పుల్లో ఉండి మిగతా సగం పెట్టెలో ఊరికే ఉంటే? వచ్చేది వెయ్యి, ఇవ్వాల్సింది వెయ్యి. మిగిలేది సున్నా. సగం కంటే కిందికి దిగితే నష్టం. పెద్ద బ్యాంకుల వార్షిక నివేదికల్లో ఎన్నో పేజీలు తీసుకునే సంగతిని రూపాయి, రెండు రూపాయలు అనే రెండు అంకెలు నోటి లెక్కగా మార్చేశాయి. దాచుకునే ఆమెకు ఎక్కువ మిత్తి కావాలి, అప్పు తీసుకునే ఆమెకు తక్కువ మిత్తి కావాలి. ఆ ఇద్దరూ ఒకే మనిషి కావడమే సమితి గొప్పతనం. రేటు పెంచమన్నా దించమన్నా ఆమె తన రెండో చేతిని కూడా చూసుకోవాలి.

రెండు రూపాయల మిత్తి తక్కువేం కాదు, ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఇది ఒప్పుకుని తీరాలి. కానీ అదే ఊళ్లో మూడు రూపాయలు, ఐదు రూపాయలు కట్టేవాళ్లకు అది ఎంత ఊరటో, కట్టిన మిత్తి మళ్లీ తమ పెట్టెలోకే వస్తుందని తెలియడం ఎంత ధైర్యమో కూడా చూడాలి.

ఇక పుస్తకంలోని లెక్క దగ్గరికి వద్దాం. ఏడాదంతా నెలకు పది చొప్పున దాచినామెకు రూపాయి మిత్తి చొప్పున ఎంత రావాలి? మొదటి నెల వేసిన పది పన్నెండు నెలలుంటుంది, రెండో నెల వేసింది పదకొండు నెలలు, చివరి నెల వేసింది ఒక్క నెల. పన్నెండు, పదకొండు, పది అంటూ ఒకటి దాకా కూడితే 78. పది రూపాయలు ఒక నెల ఉంటే పది పైసల మిత్తి. 78 పదుల పైసలు, అంటే ఏడు రూపాయల ఎనభై పైసలు. ఆమె ఖాతాలో 127 రూపాయల 80 పైసలు ఉండాలి. లెక్క అంతే.

ఇప్పుడు అప్పు వైపు చూడండి. పదివేలు తీసుకుని పన్నెండు సమాన కిస్తుల్లో అసలు తీరుస్తూ, మిగిలిన అసలు మీద మాత్రమే మిత్తి కట్టే పద్ధతి. మొదటి నెల పన్నెండు వంతులూ బాకీ, రెండో నెల పదకొండు వంతులు, చివరి నెల ఒక వంతు. కూడితే మళ్లీ 78! పదివేలలో పన్నెండో వంతును 78తో గుణిస్తే 65,000. నూటికి రెండు చొప్పున మిత్తి 1,300 రూపాయలు. పొదుపు పేజీలో పైకెక్కిన మెట్లే అప్పు పేజీలో కిందికి దిగాయి. పదో తరగతి గణితంలో శ్రేఢుల పాఠం ఉంది. అందులో మొదటి పన్నెండు సహజ సంఖ్యల మొత్తం కనుక్కోమంటే పిల్లలు సూత్రం వేసి 78 అని రాస్తారు. ఆ 78 వాళ్ల అమ్మ పాస్‌బుక్కులో రెండు చోట్ల ఉందని చెప్పే మాస్టారు ఆ పాఠానికి ప్రాణం పోసినట్లే.

ఈ 78 తెలిసిన పిల్లను మోసం చెయ్యడం కష్టం. ఒక ఫైనాన్సు మనిషి ఇంటికొచ్చి "మా దగ్గర పన్నెండు శాతమే, మీ సమితిలో ఇరవై నాలుగు కదా" అన్నాడనుకుందాం. పదివేలకు ఏడాదికి 1,200 మిత్తి కలిపి, 11,200ను పన్నెండు కిస్తులుగా కట్టమంటాడు. అసలు నెలనెలా తగ్గుతున్నా మిత్తి మాత్రం మొదటి పదివేల మీదే పడుతుంది. సమితిలో కట్టేది 1,300, ఇక్కడ కట్టేది 1,200. ఇరవై నాలుగుకూ పన్నెండుకూ మధ్య తేడా వంద రూపాయలే! తగ్గే అసలు మీద నిజంగా పన్నెండు శాతం వేస్తే మిత్తి 650 దాటకూడదు. ఆ పన్నెండు శాతం అసలు రూపం నెలకు దాదాపు రూపాయి ఎనభై పైసల మిత్తి.

గిరిగిరి అప్పు ఇంకా కఠినం. పదివేలని రాసుకుని, వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చిల్లర వ్యాపారులకు ఇది పదో వంతు మిత్తిలా తోస్తుంది. కానీ తెల్లవారి నుంచే బాకీ తగ్గుతూ పోతుంది కాబట్టి, ఆ వంద రోజుల్లో సగటున వాళ్ల దగ్గర ఉండేది నాలుగున్నర వేల చుట్టూ మాత్రమే. దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి రూపాయలు. నూటికి నెలకు ఆరు రూపాయలు దాటింది! కూరగాయల బండి ఆమెకు ఇది చెప్పడానికి గుణకారం, భాగహారం వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల చాలు.

ఈ పనితనం 1990లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. అప్పటి కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరులో 1956లోనే అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి ముందుండి సహకార గ్రామీణ బ్యాంకు పెట్టించారు. చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ల రైతులది అది. 2016 జిల్లాల విభజనలో ఆ మండలం కరీంనగర్ నుంచి విడిపోయి ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. ఆ బ్యాంకు పూర్తి పేరులో 'మార్కెటింగ్ సొసైటీ' అని కూడా ఉంటుంది. పంట అప్పు ఇచ్చేదీ, ఎరువు అమ్మేదీ, పండిన పంట కొనేదీ ఒకే సంఘం. రైతు పంట అమ్మిన చోటే అప్పు లెక్క తేలుతుంది. అప్పిచ్చినవాడికి పంట మంచి ధరకు అమ్ముడుపోవడంలోనూ లాభం ఉండేట్టు కట్టిన నిర్మాణం అది. అడ్తి దగ్గర అప్పు తెచ్చి, అదే అడ్తికి పంట పోసి, ధర అడిగే నోరు లేకుండా తిరిగొచ్చే రైతును తలుచుకుంటే దీని విలువ తెలుస్తుంది. అదే ముల్కనూరులో 2000లో స్వకృషి మహిళా డెయిరీ మొదలైంది. పాలు పోసే ఆడవాళ్లే అందులో సభ్యులు. పాలలో వెన్న శాతాన్ని బట్టి ధర, ఏడాది చివర పోసిన పాలను బట్టి బోనస్. శాతం అన్న మాట ఆ ఇళ్లలోకి పాల చీటీ మీద నడిచొచ్చింది.

ఈ సంఘాలకు ఊపిరి పోసిన చట్టం 1995లో వచ్చింది. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, వాడుకలో మ్యాక్స్ చట్టం. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, అధికారుల పెత్తనం లేకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకోవచ్చని అది చెప్పింది. నష్టమొస్తే మాఫీ చేసే చెయ్యి పైన ఉండదు కాబట్టి సర్వసభ్య సమావేశంలో లెక్క చదువుతుంటే వినకుండా ఉండలేరు.

ఆదిలాబాద్ కథ వేరు, దాని బాధ పాతది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీము నేలకొరిగాక నిజాం ప్రభుత్వం గోండుల స్థితి తెలుసుకోమని మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి చూసిన వాటిలో భూమి పోవడం, సావుకారు అప్పు పెనవేసుకునే ఉన్నాయి. 1943లో ఆ మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో చదవగలగడం అక్కడ చదువు మొదటి ప్రయోజనాల్లో ఒకటి. అరవై ఏళ్ల తర్వాత అదే జిల్లా మరో ప్రయత్నానికి ముందు వరుసలో నిలిచింది. 2000లో పేదరిక నిర్మూలన కోసం వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. ఇవాళ మహిళా సంఘాలకు చెప్పే పంచసూత్రాలు అందరికీ తెలిసినవే: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులు, వేళకు తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. నాలుగింటిని అక్షరం రాని అమ్మ నిష్ఠగా చెయ్యగలదు. ఐదోదాని దగ్గర ఆగిపోతుంది. చాలా సంఘాల్లో ఆ పుస్తకం రాసేది చదువుకున్న కూతురో, కొత్తగా వచ్చిన కోడలో. బడిలో లెక్కలు సరిగా వచ్చిన అమ్మాయి చేతిలో ఒక సంఘం నమ్మకమంతా ఉందన్నమాట. బడి తనకు తెలియకుండానే ఊరి గణకులను తయారు చేస్తోంది.

ఆ తయారీ ఎలా ఉంది? మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో డబ్బు సంగతులు లేవనడం అన్యాయం. ఎనిమిదో తరగతి గణితంలో లాభనష్టాలు, రాయితీ, పన్ను, చక్రవడ్డీ ఉన్నాయి. సాంఘిక శాస్త్రంలో ఎనిమిదిలో ద్రవ్యం, బ్యాంకింగు, తొమ్మిదిలో పరపతి, ధరలు, బడ్జెట్, పన్నులు పాఠాలుగా వస్తాయి. సరుకంతా ఉంది, కానీ రెండు గదుల్లో ఉంది. గణితం మాస్టారు చక్రవడ్డీ సూత్రం చెప్పి ముందుకు వెళ్తారు, అప్పు ఎవరి దగ్గర తీసుకోవాలో ఆ పాఠం పని కాదు. సాంఘిక శాస్త్రం టీచరు వడ్డీ వ్యాపారి, బ్యాంకు, స్వయం సహాయక సంఘం తేడా చెబుతారు, అంకె వెయ్యడం ఆ పాఠం పని కాదు. ఆ రెండు గదుల మధ్య గోడ తీస్తే పొదుపు సమితి పుస్తకం అక్కడే కనిపిస్తుంది. కొత్త సబ్జెక్టు, కొత్త పరీక్ష అక్కర్లేదు. ఒకప్పుడు మన ఉన్నత పాఠశాలల్లో సంచయిక ఉండేది. పిల్లలే మేనేజర్లు, క్యాషియర్లుగా సాటి పిల్లల చిల్లర జమ చేసుకునే బడి బ్యాంకు అది. సెప్టెంబర్ 15న సంచయిక దినం కూడా జరిపేవారు. చేసి నేర్చుకునే ఆ పద్ధతిని మళ్లీ తేవచ్చు.

దేశం మొత్తం మీద అవసరం ఎంతో 2019 జాతీయ సర్వే చెప్పింది: పెద్దవాళ్లలో ఆర్థిక అక్షరాస్యత ఉన్నవాళ్లు 27 శాతమే. 2020 జాతీయ విద్యావిధానం ఆర్థిక అక్షరాస్యతను వయోజన విద్యలో జీవన నైపుణ్యంగా చేర్చింది. మంచిదే. కానీ వయోజనులయ్యేసరికి మన పిల్లల్లో ఎందరో నోటు మీద సంతకం పెట్టేసి ఉంటారు. పద్దెనిమిదేళ్లకే బైకు కిస్తు, పంతొమ్మిదికి లోన్ యాప్, ఇరవైకి గల్ఫ్ అప్పు. 2010లో మైక్రోఫైనాన్సు వారం వసూళ్లు ఇళ్ల మీద పడి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన రోజులు మనమంతా చూశాం. ఒక కిస్తు కట్టడానికి ఇంకో అప్పు తెచ్చుకున్న ఆ తల్లుల పక్కన 78 లెక్క వేసి చూపించే పిల్ల ఉండి ఉంటే అన్ని ఇళ్లూ కాకున్నా కొన్ని ఇళ్లయినా రెండో సంతకం దగ్గర ఆగేవి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఇంటి నుంచి అమ్మ పాస్‌బుక్కు తెమ్మని పిల్లలను అడగకండి. ఇంటి అప్పు తరగతిలో అందరి ముందూ పరవాల్సిన విషయం కాదు. పేర్లు తీసేసిన సమితి పుస్తకం నకలు ఒకటి చాలు.

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు నా విన్నపం ఇదే. ఎనిమిదో తరగతి వడ్డీ పాఠంలో నెల మిత్తి లెక్కలను చేర్చండి. రెండు రూపాయల మిత్తి ఏడాదికి ఎంత శాతమో, పన్నెండు శాతం నెలకు ఎంత మిత్తో పిల్లలు రెండు వైపులా మార్చగలగాలి. తగ్గే అసలు మీద మిత్తి, తగ్గని అసలు మీద మిత్తి పక్కపక్కన వేయించండి. కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల లెక్కల మాస్టార్లు అందుకోసం ఎదురుచూడక్కర్లేదు. మీ ఊరి సమితి లెక్కలు రాసే అమ్మను ఒక పీరియడుకు బడికి పిలవండి. బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి, నల్లబల్ల మీద ఒక ఏడాది లెక్క ఆమె చేతనే వేయించండి.